నలభై మూడో రోజు జ్వరం

ముందే ఒప్పేసుకోవడం మంచిది. ఈ కేసు తేలింది తెలివితేటల వల్ల కాదు, కుళ్లు వల్ల. అసూయ అని రాస్తే కాస్త మర్యాదగా ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం రెండూ పదికి పిల్లల వార్డు తలుపు తోసినప్పుడు ఆరా కడుపులో కుతకుతా ఉడుకుతున్నదానికి అంత మర్యాదైన పేరు నప్పదు.

ఆరా ఆమె అసలు పేరు కాదు. అంటువ్యాధుల నిఘా ఆఫీసులో ఆమె పనే ఆరాలు తీయడం కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరు, అలాగే అతుక్కుపోయింది. మూడు వారాలు దాటినా కారణం తేలని జ్వరం ఏ ఆసుపత్రిలో ఉన్నా ఆ కాగితం ఆమె బల్ల మీదికి రావాలి. ఆమె బయల్దేరి ఇంట్లోవాళ్లని, వంటింటిని, నీళ్ల ట్యాంకుని, చివరికి పెంపుడు పిల్లిని కూడా వదలకుండా విచారిస్తుంది.

తలుపు అవతల ఉన్నది గోల్డ్. పిల్లల డాక్టర్లలో పెద్ద పేరు, కాలేజీలో ఆరాకి రూమ్మేట్. ఆఖరి పరీక్షలో అర మార్కు తేడాతో బంగారు పతకం కొట్టేసింది, అప్పటి నుంచి గోల్డ్ అయిపోయింది. రెండో స్థానం ఆరాది. రెండో స్థానానికి ఎవరూ పేర్లు పెట్టరు. పదేళ్లయినా ఆ అర మార్కు ఏ ప్రశ్నలో పోయిందో ఆరా నిద్రలో లేపినా చెబుతుంది.

"వచ్చావా. నడిచొచ్చావా ఏంటే, నాలుగు రోజులు పట్టింది?" అంది గోల్డ్, కేస్ షీటు లోంచి తలెత్తకుండా.

"నీ ఆసుపత్రికి రావాలంటే ఒకసారి అద్దంలో చూసుకుని రావాలి కదే. అందుకే ఆలస్యం."

"చూసుకున్నట్టు లేదే."

మంచం మీద తొమ్మిదేళ్ల పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారట. ఇప్పుడు నిజంగానే పిచ్చుకంత అయిపోయింది. గోల్డ్ వేళ్లు లెక్కపెడుతూ అప్పజెప్పింది. "నలభై మూడు రోజులుగా జ్వరం. పొద్దున చూస్తే ఏమీ ఉండదు, సాయంత్రానికి నూట మూడు. తలగడ పిండితే నీళ్లు కారేంత చెమట. కుడి తుంటి నొప్పి, కుంటుతోంది. కాలేయం కొంచెం వాచింది. టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు, టీబీ కాదు. ఎముక మూలుగ తీసి చూశాం, క్యాన్సర్ కాదు. ఇక మిగిలింది ఒకటే. ఒంట్లో రక్షణ వ్యవస్థ తన కీళ్ల మీదే తిరగబడే జబ్బు. ఐదింటికి స్టెరాయిడ్ మొదలుపెడుతున్నా."

"తెల్లకణాలు ఎన్నున్నాయి?"

"నాలుగు వేలు."

"నువ్వు చెప్పే జబ్బులో అవి ఇరవై వేలకి ఎగబాకాలి. ఇక్కడ నేల చూపులు చూస్తున్నాయి."

"ఆ పుస్తకం నేనూ చదివానే. అర మార్కు ఎక్కువే చదివా."

ఆరా దాన్ని మింగేసింది. పొద్దుటి నుంచి ఒక తురుపు ముక్క దాచుకుని వచ్చింది, ఇక అదే తీసింది. "బ్రుసెల్లా చూశావా? మేకలూ ఆవుల నుంచి వచ్చే క్రిమి. పచ్చిపాలు చాలు. సాయంత్రం జ్వరం, చెమటలు, తుంటి నొప్పి, తగ్గిన తెల్లకణాలు, అన్నీ సరిపోతాయి."

గోల్డ్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఫైల్లోంచి ఒక కాగితం లాగి బల్ల మీద పెట్టింది. "అడుగుతావని తెలుసు. పన్నెండు రోజుల కిందటే చేయించా. నెగటివ్. పాలు కాచే తాగుతారు, ఇంట్లో పశువులు లేవు. రాసి ఉంది చూసుకో."

నిజమే, గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది. గోల్డ్ చేతిరాత కూడా బాగుంటుంది. అదొక బాధ.

"ఇది ఇన్ఫెక్షనే అయిందనుకో," అంది ఆరా. "స్టెరాయిడ్ పడగానే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. అందరూ నీకు దండాలు పెడతారు. లోపల క్రిమి మాత్రం ఎముకలోనో గుండె కవాటంలోనో కాపురం పెడుతుంది."

"అందుకే ఐదింటిదాకా ఆగా. రుజువు పట్రా. నీ మొహం చూసి మందు ఆపలేను."

గడియారం రెండూ ఇరవై ఐదు చూపిస్తోంది.

బయట నడవాలో పొడుగాటి బెంచీ మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చున్నారు. మధ్యలో పిచ్చుక అమ్మ, ఫోను చేతిలో పట్టుకుని ఎటో చూస్తోంది. ఎడమ వైపు ఆవిడని కన్నతల్లి, అంటే పిచ్చుకకి అమ్మమ్మ. ఆ ఇంట్లోనే ఉంటుంది. భుజం మీద పిచ్చుక తమ్ముడు, పదకొండు నెలల బుడ్డోడు నిద్రపోతున్నాడు. కుడి వైపు, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి, నాయనమ్మ. పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది.

కేస్ షీటు రాసిన రోజు కూడా వీళ్లు ఇదే వరసలో, ఇదే బెంచీ మీద కూర్చున్నారని నర్సు చెప్పింది. ఆరా అది మనసులో గుర్తుపెట్టుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్ల ఏం తింటుంది, ఎక్కడ ఆడుకుంటుంది, ఏ నీళ్లు తాగుతుంది. అడిగింది ఎవరినైనా, అమ్మమ్మ జవాబు చెబుతోంది. ఆవిడ చెప్పిన ప్రతి జవాబుకీ నాయనమ్మ ఒక సవరణ ఇస్తోంది.

"దానికి బెండకాయంటే ప్రాణం," అంది అమ్మమ్మ.

"అది చిన్నప్పుడు. ఇప్పుడు ముట్టదు," అంది నాయనమ్మ, ఎదుటి గోడతో చెబుతున్నట్టు.

"మరి పాలు?" అంది ఆరా.

"మూడు పొంగులు రానిదే మా ఇంట్లో గిన్నె దించం. నేనొచ్చాకే లెండి. అంతకుముందు ఎలా కాచేవారో నాకు తెలీదు," అంది అమ్మమ్మ.

ఆ మాట నేరుగా కుడి వైపుకే విసిరింది. ఆరా సవరణ కోసం చూసింది. సవరణ రాలేదు. బెండకాయని కూడా వదలని మనిషి ఒళ్లోని సంచి ముడి విప్పి మళ్లీ కడుతోంది.

ఆ మౌనం ఆరాకి బాగా పరిచయం. మూడేళ్ల కిందట గోల్డ్ రాసిన పరిశోధన వ్యాసంలో ఒక తప్పు పట్టింది తను. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా గోల్డ్‌ని పొగిడినప్పుడల్లా ఆ తప్పుని బుగ్గన పెట్టుకుని చప్పరించేది, అప్పుడు సరిగ్గా ఇలాగే చెప్పు సర్దుకుంటూ తల వంచేది. నాయనమ్మది ఓడిపోయినవాళ్ల మౌనం కాదు. గెలిచిన సంగతి బయటికి చెప్పుకోలేనివాళ్ల మౌనం.

"స్కూలు వ్యాను ఎక్కడుందో చూపించే యాప్ మీ ఫోన్లో ఉందా?" అని అమ్మని అడిగింది.

ఉంది. జ్వరం రాకముందు నెల మొత్తం తీయించింది. వ్యాను రోజూ మూడూ నలభైకి పిచ్చుకని వీధి మలుపులో దింపుతోంది. ఇంటి తలుపుకి నంబరు తాళం. ఎవరు ఎన్నింటికి నొక్కారో అదీ ఫోన్లోనే ఉంటుంది. పిచ్చుక నంబరు నొక్కింది నాలుగూ ఐదుకి, నాలుగూ ఆరుకి, నాలుగూ నాలుగుకి.

"మలుపు నుంచి ఇంటికి ఎంతసేపు?"

"మూడు నిమిషాలు. దారిలో ఆడుకుంటుంది అనుకున్నానండీ. నేను ఆఫీసులో ఉంటా కదా." అంటుంటేనే అమ్మ మొహం మారిపోయింది.

రోజుకి ఇరవై రెండు నిమిషాలు గల్లంతు. మనుషులు చెప్పే హిస్టరీ కంటే తలుపు రాసుకున్న లాగ్ నయం. తలుపుకి వియ్యపురాళ్లు ఉండరు.

నాయనమ్మ లేచింది. "ఇంటికెళ్లి ఒకసారి చూసుకుని వస్తా."

"పదండి పెద్దమ్మా, నేను దింపుతా," అంది ఆరా.

మూడూ పది. నాయనమ్మ ఇల్లు వీధి మలుపుకి నాలుగు అడుగుల్లో ఉంది. పెరట్లో రెండు మేకలు, ఒకదానికి చెవి తెగి ఉంది. మేపుకొచ్చే ఆవిడ అప్పుడే కట్టేసి వెళ్లినట్టుంది, గిట్టలకి ఇంకా తడి మట్టి ఉంది. గోడకి ఆనించి ఒక ఎత్తుపీట, దాని ఎదురుగా పిల్లలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ. పెద్దవాళ్లు వంగితే తప్ప అందనంత కిందికి కొట్టిన మేకుకి ఒక స్టీలు గ్లాసు వేలాడుతోంది.

"ఈ గ్లాసు ఎవరిది?"

"నాదే."

"మీరు తాగే గ్లాసు మీద కుందేలు స్టిక్కర్ ఎందుకు పెద్దమ్మా?"

నాయనమ్మ గ్లాసు తీసి కొంగు చాటున పెట్టుకుంది.

"నేను పోలీసుని కాను. ఐదింటికి పిచ్చుకకి ఒక మందు ఎక్కిస్తారు. అది తప్పు మందని నా అనుమానం. మీరు చెప్తేనే ఆపగలను."

నాయనమ్మ ఎత్తుపీట మీద కూలబడింది. "నా కొడుక్కి పెళ్లయ్యాక ఆ ఇంట్లో నాకు మిగిలింది గుమ్మం వరకే. వియ్యపురాలు వచ్చాక గుమ్మం కూడా పోయింది. జడ ఆవిడే వేస్తుంది, అన్నం ఆవిడే కలుపుతుంది, పడుకోబెట్టేదీ ఆవిడే. నాకేముందమ్మా, ఈ రెండు మేకలు. పిల్ల వ్యాను దిగి పరిగెత్తుకొచ్చేది. పొదుగు కింద గ్లాసు పెట్టి పిండి, నురగతో అలాగే ఇచ్చేదాన్ని. గుమ్మపాలు. 'అమ్మమ్మ పాల కంటే నీ పాలే బాగుంటాయే నాయనమ్మా' అంది ఒకరోజు." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఆ ఒక్క మాట కోసం రోజూ ఇచ్చా."

అలాంటి మాట కోసం ఆరా అయితే ఏనుగుని కూడా పెంచేది.

"మీరు తాగరా?"

"నాకు మేకపాలు పడవు. అంతా దానికే."

"ఆ చెవి తెగిన మేక ఎప్పుడు ఈనింది?"

"మూడు నెలలైంది. నెలలు నిండకుండానే పిల్లని వేసేసింది. చచ్చిన పిల్ల. పాలు మాత్రం ఆగలేదు."

పచ్చిపాలు, కడుపు పోయిన మేక, ఆ తర్వాత జ్వరం. ముగ్గురు సాక్షులూ ఒకే పేరు చెబుతున్నారు. ఆరా సబ్బు అడిగి చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, నాయనమ్మ చేత కూడా కడిగించింది.

"నా కోడలికి చెప్పకమ్మా," అంది నాయనమ్మ, కుళాయి కట్టేస్తూ. "చెప్తే ఈ జన్మకి పిల్లని నా గడప తొక్కనివ్వరు."

"తప్పనిసరైతే తప్ప చెప్పను," అంది ఆరా. డాక్టర్లు ఇచ్చే మాటలన్నిటికీ ఇలాంటి తోక ఒకటి ఉంటుంది.

కానీ ఒక అడ్డంకి మిగిలే ఉంది. గోల్డ్ ఫైల్లోని నెగటివ్ కాగితం. గోల్డ్ ఆ కాగితాన్ని జెండాలా ఊపుతుంది. ఊపడం న్యాయం కూడా.

నాలుగూ ఐదుకి ఆరా ఆసుపత్రి ల్యాబులో ఉంది. ల్యాబు నడిపే ఆవిడ ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తోంది. సందేహించడం ఆవిడకి నచ్చదు.

"నెగటివ్ అంటే నెగటివే మేడం."

"కాదనట్లేదు అక్కా. ఎలా చేశారో ఒక్కసారి చెప్పండి."

"రక్తంలోంచి తీసిన సీరం ఒక చుక్క, టెస్టు మందు ఒక చుక్క, పలక మీద కలిపి ఊపుతాం. గడ్డలు కడితే జబ్బు ఉన్నట్టు. కట్టలేదు."

"సీరంని పలచన చేసి చూశారా?"

"పాజిటివ్ వస్తే ఎంత ఉందో లెక్కకి పలచన చేస్తాం. అసలు రాకపోతే ఎందుకు చేస్తాం?"

ఆరా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తప్పు ఎవరిదీ కాదు. వరసగా పెట్టుకున్న నియమంలోనే ఉంది. మొదటి మెట్టు మీద లేకపోతే రెండో మెట్టు ఎక్కరు. ఈ దొంగ రెండో మెట్టు మీదే కూర్చుంటాడు.

"పొద్దున స్టెరాయిడ్ కోసమని తీసిన రక్తం ఉందిగా. అందులోంచి సీరం ఇప్పించండి. నా కోసం వృథా చేస్తున్నారనుకోండి."

మొదటి పలక, పలచన చేయని సీరంతో. ఒక నిమిషం ఊపారు. నున్నగా, మరకలా ఉండిపోయింది. ల్యాబు అక్క 'చెప్పానా' అన్నట్టు చూసింది. రెండోది నలభై ఇంతలు పలచన. ఏమీ లేదు. మూడోది నూట అరవై ఇంతలు. అక్క ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. పలక మీద విరిగిన పాలలా సన్నటి గడ్డలు.

"ఇదేంటి మేడం. నీళ్లు పోస్తే జబ్బు పెరిగిందా?"

"యాంటీబాడీకి రెండు చేతులుంటాయి అక్కా. ఒక చేత్తో ఒక క్రిమిని, రెండో చేత్తో ఇంకో క్రిమిని పట్టుకుంటేనే గడ్డ కడుతుంది. యాంటీబాడీలు మరీ ఎక్కువైపోయాయనుకోండి, ఒక్కో క్రిమి మీద పదిమంది పడతారు. నాదంటే నాదని. రెండో చేతికి పట్టుకోడానికి ఏమీ మిగలదు. పలక శుభ్రంగా కనపడుతుంది. పలచన చేస్తే గుంపు తగ్గుతుంది, అప్పుడు కడుతుంది."

"అంటే, జబ్బు మరీ ఎక్కువుండబట్టే కనపడలేదా?"

"అంతే. పిల్ల రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూడ్డానికి మళ్లీ కల్చర్‌కి పంపిస్తాం. ఐదు రోజులకి పారేయకండి, ఈ క్రిమి నిదానస్తుడు, మూడు వారాలు ఉంచండి. బల్ల మీద మూత తీయొద్దు, గాలి వడకట్టే క్యాబినెట్లోనే తీయండి. గాల్లోంచి మీకూ అంటుతుంది."

ల్యాబు అక్క ఆరా అడక్కుండానే ఇంకో మూడు పలకలు చేసింది. పన్నెండు వందల ఎనభై ఇంతల దగ్గర కూడా గడ్డలు కడుతూనే ఉన్నాయి. ఆరా ఫోటోలు తీసుకుని మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు.

నాలుగూ నలభై ఎనిమిది. మందు సీసా అప్పటికే స్టాండుకి వేలాడుతోంది. నర్సు పిచ్చుక చేతికి గొట్టం తగిలించబోతోంది.

ఆరాకి ఆయాసం. ఫోను గోల్డ్ ముందు పెట్టింది, అంతే. గోల్డ్ చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూసింది.

"ఎన్నింతలకి?"

"నూట అరవైకి మొదలైంది. పన్నెండు వందల ఎనభైకీ ఉంది. పన్నెండు రోజుల కిందట పలచన చేయకుండా ఒక్క పలకే చూశారు. గుమ్మపాలు తాగింది. మేకకి కడుపు పోయింది."

"సిస్టర్, తీసేయండి అది," అంది గోల్డ్.

పదేళ్లుగా ఆరా ఎదురుచూసిన నిమిషం ఇది. ఎలా నిలబడాలో, ఏమనాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. నోరు తెరవబోయేలోపు గోల్డే గొంతు తగ్గించి అంది. "నీ ఆఫీసుకి కాగితం ఇరవై రెండో రోజే పంపాల్సింది. ముప్ఫై తొమ్మిదో రోజు పంపా."

"పనుల్లో పడి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నువ్వొస్తే పట్టేస్తావని తెలుసు. ఆలోపు నేనే పట్టేద్దామనుకున్నా." గోల్డ్ పిచ్చుక వైపే చూస్తోంది. "మెడల్ వచ్చిన రోజు మన సారు ఏమన్నారో తెలుసా? 'పరీక్ష నీది, రోగి ఆ అమ్మాయిది' అన్నారు. పదేళ్లయింది, ఇంకా అరగలేదే నాకు."

అనుకుని పెట్టుకున్న మాటలన్నీ ఆరాకి ఎక్కడికో పోయాయి. తమ ఇద్దరి కుళ్లు మధ్య ఆ పిల్ల పదిహేడు రోజులు ఊరికే మండిపోయింది.

"ఆరు వారాల మందులు. రెండు రకాలు," అంది చివరికి.

"నేను రాస్తా. పక్కనే ఉండి చూడు."

గుమ్మం దగ్గర అలికిడి. పిచ్చుక అమ్మ లోపలికొచ్చేసింది, వెనకే ఇద్దరు పెద్దవాళ్లు. "దొరికిందన్నారు నర్సు. ఏంటండీ అది? ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆరా ఇచ్చిన మాటకి తోక ఎక్కడ మొదలవుతుందో వెతుక్కుంటోంది. అంత అవసరం రాలేదు.

"నా దగ్గర్నుంచే," అంది నాయనమ్మ. "వ్యాను దిగగానే నా దగ్గరికి వచ్చేది. మేకపాలు పచ్చివి ఇచ్చా. రోజూ ఇచ్చా."

అమ్మ గిర్రున ఆవిడ వైపు తిరిగింది. "రోజూనా? నాకు ఒక్క మాట చెప్పకుండానా అత్తయ్యా? ఇన్ని రోజులు ఈ బెంచీ మీదే కూర్చున్నారు కదా. డాక్టరుగారు అడిగినప్పుడు కూడా నోరు విప్పలేదు కదా." అరవలేదు. అరిచి ఉంటే నాయనమ్మకి కాస్త తేలికయ్యేది. "ఇక మీరు..."

ఆ వాక్యం ఎక్కడికి వెళ్తోందో అందరికీ తెలుసు. నాయనమ్మ తల వంచుకుని నిలబడింది.

ఆరా మాత్రం అమ్మమ్మని చూస్తోంది. ఈ రోజు కోసం ఆవిడ ఎన్నేళ్ల నుంచి కాచుకుని ఉందో. ఇప్పుడు ఆవిడ నోట్లోంచి 'నేను ముందే చెప్పానా' రావాలి. ఆ వాక్యం పూర్తి చేసేది కూడా ఆవిడే కావాలి. ఆవిడ ఒక్క మాటా అనలేదు. భుజం మీది బుడ్డోడి వీపుని చకచకా తడుతోంది. వాడు ఏడవట్లేదు. అయినా తడుతోంది.

గెలిచినవాళ్లు అలా ఉండరు.

"అమ్మమ్మగారూ," అంది ఆరా మెల్లగా. "మీకు ముందే తెలుసు కదా?"

"నాకేం తెలుసు?" చెయ్యి ఇంకా వేగంగా తట్టింది. తర్వాత ఆగిపోయింది. "రెండు నెలల కిందట ఒకరోజు వెనకాలే వెళ్లి చూశా. గోడ పక్కన నిలబడి విన్నా. 'అమ్మమ్మ పాల కంటే' అంది అది. తొమ్మిదేళ్లు పెంచా నేను."

"అమ్మా?" అంది పిచ్చుక అమ్మ.

"మేకల్ని మేపుకొచ్చే ఆవిణ్ణి అడిగా. పొద్దున్నే ఒక చిన్న క్యాను పిండి తెచ్చివ్వమని. అదే పాలు ఇంట్లోనే దొరికితే పిల్ల అటు వెళ్లడం మానేస్తుంది కదా అని. కాస్తే రుచి పోతుందని కాచలేదు. అది ఒక గుక్క తాగి, నాయనమ్మ పాలలా లేవని పక్కన పెట్టేసింది." అమ్మమ్మ బుడ్డోణ్ణి ఇంకో భుజానికి మార్చుకుంది. "ఆ మేపే ఆవిడ మాత్రం క్యాను తేవడం ఆపలేదు. మేకపాలు చిన్నపిల్లలకి బలమంటారు కదా, పారబోయడం ఎందుకని..."

మాట పూర్తి కాలేదు. ఆరా చెయ్యి చాచింది. గోల్డ్ చెయ్యి అప్పటికే అక్కడుంది. బుడ్డోడి మెడ మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఇద్దరిలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మెడ కాలుతోంది.

"ఎన్ని రోజుల నుంచి?" ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"పళ్లొస్తున్నాయి కదా, అందుకేమో అనుకున్నా," అంది అమ్మమ్మ. "పదహారు రోజులు."